లెక్కలో భూస్వామి

ఈ మధ్య మా వీధి లైబ్రరీ వరండాలో పెద్దమనుషులు కొందరు కూర్చుని, పంతుళ్ళు క్లాసులో తమ రాజకీయాలు చెప్పొచ్చా చెప్పకూడదా అని ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. చెప్పొచ్చన్నవాళ్ళు మనసులో మాట దాచుకోవడం మోసమన్నారు. చెప్పకూడదన్నవాళ్ళు పసిమనసులు పాడైపోతాయన్నారు. ఒక్కరికైనా ఆ బాధ అనుభవంలో ఉన్నట్టు నాకు తోచలేదు. నాకుంది. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో మొట్టమొదటి ఎన్నికలు జరిగిన యేడు నేను ఉదయగిరి బోర్డు స్కూల్లో ఎనిమిదో తరగతి చదివాను. నా పసిమనసుకేమీ కాలేదు, నిక్షేపంలా ఉంది. పాడైందల్లా నా లెక్కలు.

మా స్కూలంటే కొండ కింద ఒక పొడుగాటి పెంకుల సావిడి. దాన్ని వెదురు తడికలతో మూడు ముక్కలు చేసి ఆరు, ఏడు, ఎనిమిది అని పేర్లు పెట్టారు. తడిక చూపును ఆపేది గాని మాటను ఆపేది కాదు. ఎనిమిదిలో లెక్కలు జరుగుతున్నప్పుడు పక్కన ఏడులో సాంఘికం జరిగేది. ఆ రెండూ చెప్పే ఇద్దరు పంతుళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మా చదువంతా ఆ మంట పక్కన సాగింది.

సాంఘికం సారు ఖద్దరు మనిషి. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళి వచ్చినవారు. నిజంగానే వెళ్ళారు, నేను కాదనను. ఆయన జైల్లోంచి బయటికొచ్చారు గాని, జైలు ఆయన పాఠాల్లోంచి బయటికి రాలేదు. ఏ పాఠం ఎత్తుకున్నా తిరిగి తిరిగి వేలూరు జైలు గేటు దగ్గరే తేలేది. అశోకుడు చెట్లు నాటించాడంటే జైలు ఆవరణలో వేపచెట్టు గుర్తొచ్చేది. రుతుపవనాలంటే జైలు గోడ మీద పడిన వాన గుర్తొచ్చేది. మాలో ఒకడు రుతుపవనాలు వేలూరు మీదుగా వస్తాయని పరీక్షలో రాశాడు. సారు దానికి మార్కులు కూడా వేశారు.

లెక్కల సారు ఎర్ర జెండా మనిషి. అంతకుముందు రెండు మూడేళ్ళు ఆ జెండా పేరెత్తితే పోలీసులు ఇంటికొచ్చే రోజులు. అందుకని ఆయన చెప్పదలుచుకున్నదంతా లెక్కల్లో పొదిగి చెప్పడం నేర్చుకున్నారు. రోజులు మారినా ఆ అలవాటు పోలేదు. 'ఒక భూస్వామికి వంద ఎకరాల పొలం కలదు' అని బోర్డు మీద రాసేవారు. అంతవరకు లెక్కే. తర్వాత సుద్దముక్క బల్ల మీద పెట్టి మావైపు తిరిగేవారు.

"ఆయప్పకి ఆ వంద ఎకరాలు యాడినించి వచ్చినాయిరా?"

"లాక్కున్నాడు సార్."

"దున్నేది ఎవురు?"

"కూలోళ్ళు సార్."

"కూచోని తినేది ఎవురు?"

"భూస్వామి సార్."

క్లాసంతా గొంతెత్తి చెప్పేవాళ్ళం. లెక్కలో 'ఎంత' అనే మాట రావాల్సిన చోటికి వచ్చేలోపు తడిక అవతల నుంచి సాంఘికం సారు అందుకునేవారు. "కొంతమంది భూస్వాములు భూములు దానం చేస్తుండారు పిల్లలూ. పేపర్లు చదవనోళ్ళకి తెలీదు." ఇవతల నుంచి లెక్కల సారు ఊరుకుంటారా. "దానం చేసిన ఆ భూముల్లో రాళ్ళు తప్ప ఏం మొలుస్తాయో ఒకసారి పోయి చూడమనండిరా." ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది గనక, అవన్నీ మాకు చెబుతున్నట్టే చెప్పేవారు. తడిక మాత్రం ఊగేది.

గొడవ బాగా ముదిరితే హెడ్మాస్టరు గంట కొట్టించేవారు. పీరియడు సగం కూడా కాకపోయినా సరే, కొట్టించేవారు. మా క్లాసు మగపిల్లలు ఈ కిటుకు ఇట్టే పట్టేశారు. ఇంటి దగ్గర లెక్కలు చేసుకురాని రోజున ఒకడు లేచి, "సార్, అవతల సారు మిమ్మల్ని ఏందో అంటుండారు సార్" అని అందించేవాడు. ఇంకేముంది, కాసేపట్లో గంట.

హెడ్మాస్టరుకు రాజకీయం లేదు. తనకు రాజకీయం లేదని రోజుకొకసారి చెప్పేవారు కూడా. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయన గదిలో రాజుగారి పటం తీసేయమన్నారట. ఆయన ఫ్రేము విప్పించి, రాజుగారి బొమ్మను ఉన్నచోటనే ఉంచి, దాని మీద కొత్త నాయకుడి బొమ్మ పెట్టి మేకులు కొట్టించారు. ఎవరొచ్చినా ఆయన సిద్ధం. మా క్లాసు పిల్లవాడొకడు "ఓటంటే ఏంది సార్?" అని అడిగితే, "సిలబసులో లేదు, కూర్చో" అన్నారు. ఆయన మాకు సైన్సు చెప్పాలి. సిలబసులో ఉన్న ఆ సైన్సు కూడా చెప్పినట్టు నాకు గుర్తు లేదు. నోరు తెరిస్తే ఏదో ఒక పక్షం అవుతుందని ఆయన భయం. పంతులు నోరు మూసుకుంటేనే పిల్లలు బాగుపడతారనేవాళ్ళు ఒక్క యేడు ఈయన దగ్గర చదివి చూడాలి.

ఇక నా సంగతి. మా నాయన దర్జీ. ఆత్మకూరు బస్సు ఆగేచోట ఒక మిషను, ఒక బెంచీ వేసుకుని కుట్టేవాడు. ఖద్దరు వాళ్ళకు జుబ్బాలు, ఎర్ర జెండా వాళ్ళకు జెండాలు, ఇద్దరికీ ఆయనే. ఎన్నికలొచ్చాయని ఊళ్ళో అందరికంటే సంతోషపడింది మా నాయనే. ఓటు మాత్రం ఎవరికి వేస్తాడో మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. నా విషయంలో ఆయన ఒక మాట అనుకుని ఉన్నాడు. నేను ఎనిమిది పాసైతే నెల్లూరులో పంతులమ్మ ట్రైనింగుకు పంపుతాడు. తప్పితే కొట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టాలి. గుండీ పట్టే చిల్లిని కత్తిరించి, దాని చుట్టూ దారంతో వత్తుగా కుట్టే పనే కాజాలు కుట్టడం. ఆ పని చేసి చేసి మా మేనత్త కళ్ళకు చూపు తగ్గి, వేళ్ళు వంకర్లు పోయాయి. కాజాలంటే నాకు చచ్చేంత భయం.

ఎనిమిదికి పబ్లిక్ పరీక్ష. దానికి ముందు స్కూల్లో సెలక్షన్ పరీక్ష పెట్టి, అందులో పాసైనవాళ్ళనే పంపేవారు. ఆ పేపర్లు దిద్దేది మా సార్లే. అంటే నేను నెల్లూరు పోవాలా కాజాలు కుట్టాలా అన్నది ముందు వాళ్ళిద్దరి ఎర్ర పెన్సిళ్ళలో ఉంది.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. అప్పట్లో ఓటు వేయడమంటే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. చీటీ మీద ఏమీ రాయక్కర్లేదు, మనకు కావలసిన పెట్టెలో వేసి రావడమే. ఇది పిల్లలకు నేర్పితే ఇళ్ళలో పెద్దలకు చెబుతారని సాంఘికం సారు మా క్లాసులో ఒక ఉత్తుత్తి ఎన్నిక పెట్టారు. రెండు సుద్దముక్కల పెట్టెలు తెచ్చి, ఒకదానికి తెల్లకాగితం, ఒకదానికి ఎర్రకాగితం అంటించి బల్ల మీద పెట్టారు.

"ఓటు అనేది రహస్యం. కన్నతండ్రికి కూడా చెప్పకూడదు" అని చెప్పి, ఎవడు దేంట్లో వేస్తాడో బాగా కనబడేలాగా బల్ల పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏదో సామాను కోసం వచ్చినట్టు లెక్కల సారు తడిక దాటి వచ్చి రెండో పక్కన నిలబడ్డారు. మగపిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి, ముందు ఈయన మొహం చూసి, తర్వాత ఆయన మొహం చూసి, చీటీ వేసి పరుగెత్తుకొచ్చారు.

మేము ముగ్గురం ఆడపిల్లలం పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాం. సాంఘికం సారు పెట్టెలు మూయబోయారు.

"ఆడోళ్ళకీ ఓటుండాది గదా, పిలవండి" అన్నారు లెక్కల సారు, తడికతో మాట్లాడుతున్నట్టు.

ఆ యేడు మొత్తంలో మేము అక్కడ ఉన్నామని వాళ్ళకు గుర్తొచ్చింది అప్పుడే. నా పక్కనున్న ఇద్దరిలో ఒకతె తెల్లదానిలో, ఒకతె ఎర్రదానిలో వేశారు. నేను లేచాను. తెల్లదానిలో వేస్తే లెక్కలు పోతాయి. ఎర్రదానిలో వేస్తే సాంఘికం పోతుంది. ఏది పోయినా నాకు కాజాలే. చీటీని నిలువునా చించి తెల్లదానిలో సగం, ఎర్రదానిలో సగం వేసి వచ్చి కూర్చున్నాను.

"ఇది చెల్లదు" అన్నారు సాంఘికం సారు.

"అవును, చెల్లదు" అన్నారు లెక్కల సారు.

వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడగా నేను చూడటం అదొక్కసారే. నా పుణ్యమా అని. ఆ తర్వాత ఇద్దరూ విడివిడిగా నన్ను పిలిచి, మీ నాయన ఎవరికి వేస్తాడో అడిగి రేపు చెప్పమన్నారు. వాళ్ళ రాజకీయం వాళ్ళు ఎంత చెప్పుకున్నా నేను భరించాను. మా ఇంటి రాజకీయం నా చేత చెప్పించాలని చూశారే, దానికి మాత్రం ఈనాటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పదమూడేళ్ళ పిల్ల చేతిలో తండ్రి గిరాకీ, తన మార్కులు రెండూ పెట్టి, చెప్పమ్మా అంటే ఏం చెబుతుంది?

సాయంత్రం జరిగిందంతా విని మా నాయన మిషను ఆపాడు.

"ఏంది పాపా, చీటీ చించినావా? ఇద్దరికీ కోపం తెప్పిస్తే ఎట్లా? తెల్లగుడ్డకి తెల్లదారం, ఎర్రగుడ్డకి ఎర్రదారం. ఎవరి గుడ్డకి వాళ్ళ దారం వేసి కుట్టాల. అట్టయితేనే ఇద్దరూ మళ్ళీ మన కొట్టుకి వస్తారు."

"వాళ్ళడిగితే ఏం చెప్పాల నాయనా?"

"ఇద్దరికీ మీకేనని చెప్పు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే గదా తెలిసేది."

చెప్పాను. ఇద్దరూ నా తల నిమిరారు. నాయన చెప్పిన దారం సంగతిని నేను సెలక్షన్ పరీక్షలోకి కూడా పట్టుకుపోయాను. సాంఘికంలో గుప్తుల పాలన గురించి రాయమంటే, గుప్తుల కాలంలో దేశభక్తులకు జైళ్ళు లేవని మొదలుపెట్టి, వేలూరు దాకా వెళ్ళి వచ్చాను. లెక్కల్లో ఒక ప్రశ్న ఇట్లా ఉంది: ఒక కౌలు రైతుకు నూట ఇరవై బస్తాల జొన్నలు పండాయి, మూడో వంతు ఖర్చులకు పోయింది, మిగిలిన దానిలో సగం భూస్వామికి కొలిస్తే రైతుకు మిగిలేదెంత? నేను ఏవేవో కొట్టివేతలు చేసి, చివర పెద్ద అక్షరాలతో 'రైతుకు మిగిలేది ముప్పై బస్తాలు మరియు కన్నీళ్ళు' అని రాసి కింద గీత గీశాను.

లెక్కల సారు దాని పక్కన ఇంత పొడుగున రైటు కొట్టి, 'శభాష్' అని రాశారు. పేపరు తడిక మీదుగా అవతలివాళ్ళకు వినబడేలా చదివారు కూడా. క్లాసందరిలో నాకే ఎక్కువ మార్కులు. నాకు లెక్కలు వచ్చేశాయని నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, లెక్కల సారే రైటు కొట్టిన తర్వాత.

ఎన్నికలైపోయాయి. ఎవరు గెలిచారో ఇక్కడ అనవసరం. గెలిచినవాళ్ళెవరూ మా స్కూలుకు రాలేదు. పబ్లిక్ పరీక్షకు సెంటరు ఆత్మకూరు. మా నాయన కొట్టు మూసి నన్ను బస్సులో తీసుకుపోయాడు. మర్రిపాడు మీదుగా పోయే ఆ దారి పొడుగునా ఎండ, దుమ్ము, నా ఒళ్ళో సద్ది మూట. నాయన నా చేత కొత్త పరికిణీ కట్టించాడు. పంతులమ్మ కాబోయే పిల్ల ఎట్లా ఉండాలో అట్లా ఉన్నావని బస్సులో రెండుసార్లు అన్నాడు.

లెక్కల పేపరు చేతికొచ్చింది. మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా వెతికాను. ఎక్కడా భూస్వామి లేడు. ఒక నీళ్ళ తొట్టి ఉంది. దానికి రెండు గొట్టాలు. ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎంతసేపటికి నిండుతుంది? ఖాళీ చేసే గొట్టమే భూస్వామి అని నాకు వెంటనే తెలిసిపోయింది. నింపేది కూలివాడని కూడా తెలిసింది. అంతకు మించి ఒక్క అడుగు ముందుకు పడలేదు. చివరికి 'రెండవ గొట్టమును మూసివేయవలెను' అని జవాబు రాసి కింద గీత గీశాను. ఆ పేపరు దిద్దిన మహానుభావుడు ఎవరో గాని, ఆ పూట ఆయనకు నవ్వుకోవడానికి బాగా దొరికి ఉంటుంది.

తప్పాను. అన్నీ పాసై, లెక్కల్లో తప్పాను. స్కూలు గోడ మీద అంటించిన కాగితంలో నా నంబరు లేదు. మర్నాడు పొద్దున మా నాయన నా ముందు ఒక చొక్కా, సూది, దారపు ఉండ పెట్టాడు. పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ సూదిలో దారం ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది, కళ్ళలో నీళ్ళు ఆగకపోవడం వల్ల.

సాంఘికం సారు జుబ్బా కొలతలివ్వడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "చూసినావా, క్లాసులో ఎర్ర పాఠాలు చెప్తే ఇట్టే ఉంటాది. ఈ పిల్లనే చూపించి పై అధికారులకి రాయాల" అన్నారు మా నాయనతో. మర్నాడు లెక్కల సారు వచ్చారు. "పేపరు దిద్దినోడు ఖచ్చితంగా భూస్వాముల ఇంటి మనిషే. కక్షగట్టి తప్పించినాడు. ఈ అన్యాయం గురించి నేను ఆత్మకూరు సభలో మాట్లాడతా" అన్నారు. నేను పాసవుతానా లేదా అన్నది ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు గాని, నా తప్పడం మాత్రం ఇద్దరికీ పనికొచ్చింది. నేను అక్కడే తల వంచుకుని కాజాలు కుడుతున్నాను. రెండో గొట్టాన్ని ఏం చేయాలో చెబుదామని ఒక్కరికీ తోచలేదు.

లెక్కల సారు ఆ సభ కోసమే కొత్త చొక్కా గుడ్డ ఇచ్చి వెళ్ళారు. నాయన కుట్టాడు. కాజాలు నా వంతు. ఆ చొక్కాకు ఆరు గుండీలు. నేను ఐదే కాజాలు వేశాను, సరిగ్గా పొట్ట దగ్గరది వదిలేసి. కావాలనే వదిలేశాను, చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

సభ రోజున ఆయన ఆత్మకూరు బస్సుకని వచ్చి, కొట్లోనే చొక్కా మార్చుకున్నారు. బస్సు ఎదురుగా నిలబడి ఉంది. పైనుంచి గుండీలు పెట్టుకుంటూ వచ్చి పొట్ట దగ్గర ఆగారు. వెతికారు. మళ్ళీ పైనుంచి చూసుకున్నారు. బనీను లేని పొట్ట నిమ్మకాయంత మేర బయటికి కనిపిస్తోంది.

"ఏందమ్మే ఇది? కాజా ఒకటి తక్కువుండాది."

"లెక్క తప్పింది సార్" అన్నాను. "నాకు లెక్కలు రావు గదా."

మా నాయన చేతిలో కత్తెర జారి కిందపడింది. "పిల్ల తెలీక..." అని ఏదో అనబోయాడు. సారు చెయ్యెత్తి ఆపారు. బస్సువాడు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. సారు బస్సు వైపు చూసి, నా వైపు చూసి, ఉన్నచోటనే నిలబడిపోయారు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆయన బెంచీ మీద కూర్చున్నారు.

"పలకుండాదా?" అన్నారు.

తెచ్చాను. కొట్లో బట్టల మీద గుర్తులు పెట్టే సుద్ద తీసుకుని 'ఒక' అని రాశారు. అక్కడ ఆగిపోయారు. సుద్ద పలక మీద ఆనించి అట్లాగే కూర్చున్నారు. 'రైతు' అని రాసి, మళ్ళీ తుడిచారు. 'మనిషి' అని రాసి, అదీ తుడిచారు. భూస్వామి లేకుండా లెక్క మొదలుపెట్టడం ఆయనకు చేతకావడం లేదు. చెమట్లు పట్టాయి పాపం. అన్ని రోజుల కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

"భూస్వామే కానీండి సార్" అన్నాను. "ఎంత అనేది ఒకటి చెప్పండి, చాలు."

అప్పుడు రాశారు. నూట ఇరవై బస్తాల జొన్నలు, అదే పాత లెక్క. మూడో వంతంటే మూడు సమాన భాగాలు చేసి అందులో ఒకటి తీసుకోవడమని, నాయన దగ్గర గుండీలు అడిగి తీసుకుని బెంచీ మీద కుప్పలు పెట్టి చూపించారు. ఖర్చులకు నలభై పోయింది. మిగిలింది ఎనభై. అందులో సగం భూస్వామికి. రైతుకు మిగిలింది నలభై. అంత తేలిగ్గా ఉంటుందని నాకు ఆ యేడంతా ఎవరూ చెప్పలేదు. నేను పలక వైపే చూస్తూ ఉండిపోయాను.

"సెలక్షన్లో నేను ముప్పై అని రాసినాను సార్" అన్నాను. "మీరు రైటు కొట్టి శభాష్ అని రాసినారు."

ఆయన గుండీలను ఒక్కొక్కటే ఏరి నాయన డబ్బాలో వేశారు.

"కన్నీళ్ళు చూసి కొట్టినానమ్మా" అన్నారు. "బస్తాలు చూడలేదు."